గుప్పెడు సున్నం, మూడు ప్రశ్నలు



ఈ ప్రసంగం ముఖ్యంగా తొమ్మిది, పది తరగతులు చదివే పిల్లల కోసం. అమ్మానాన్నలు పక్కనుంటే వాళ్లూ వినండి. పాఠాలు చెప్పే ఉపాధ్యాయులు వింటే మరీ మంచిది.

రసాయన శాస్త్రం గురించి పిల్లలు తరచూ ఒక మాట అంటుంటారు. "క్లాసులో వింటుంటే అర్థమవుతుంది సార్. పరీక్ష నాటికి గుర్తుండదు." ఆ మాటలో అబద్ధం లేదు. సమీకరణాలు చాలా ఉంటాయి. అన్నీ ఒకేలా కనిపిస్తాయి. బాణం గుర్తుకి ఇటు ఏముందో, అటు ఏముందో తారుమారవుతుంది. రాత్రి పదేపదే రాసి చూసుకున్నది కూడా తెల్లారేసరికి చెదిరిపోతుంది.

ఎందుకిలా? మనం సమీకరణాన్ని అక్షరాల వరసగా గుర్తుపెట్టుకుంటున్నాం. అది ఎక్కడో నిజంగా జరిగిన పని అని మరిచిపోతున్నాం. ఎవరో ఒక పదార్థాన్ని కాల్చారు. నీళ్లలో వేశారు. రంగు మారింది, పొగ వచ్చింది, వేడెక్కింది. ఆ జరిగినదంతా ఒక్క వరసలో కుదించి రాశారు. ఆ కుదింపు మాత్రమే మన చేతికొచ్చింది. జరిగిన పని మన కంట పడలేదు. అందుకే నిలవడం లేదు.

ఈ రోజు నేను ఒకే ఒక్క పద్ధతి చెబుతాను. ఏ రసాయన చర్య ఎదురైనా మూడు ప్రశ్నలు వేసుకోండి. మొదటి ప్రశ్న: ఏం కనిపించింది? రెండో ప్రశ్న: ఏది ఏదయింది? మూడో ప్రశ్న: లెక్క కుదిరిందా?

మళ్లీ చెబుతున్నాను. ఏం కనిపించింది? ఏది ఏదయింది? లెక్క కుదిరిందా? ఇవే మూడు ప్రశ్నలు. ఇదే వరస. వరస మార్చకండి.

ఈ పద్ధతిని ఒకే వస్తువు మీద పెట్టి చూద్దాం. ఆ వస్తువు సున్నం. తాంబూలంలోకి రాసే సున్నం. పండగకి గోడలకి వేసే సున్నం. ఖరీదు లేదు. దొరకని ఊరు లేదు. మీ పదో తరగతి రసాయన శాస్త్రంలో సగం పాఠాలు ఈ గుప్పెడు సున్నంలో ఉన్నాయంటే మీరు నమ్మకపోవచ్చు. చివరిదాకా వినండి.

మొదట, పొడిసున్నం. బట్టీ నుంచి వచ్చిన గడ్డలు. తొట్టిలో ఈ గడ్డలు వేసి, నీళ్లు పోయడం మీలో కొందరు చూసే ఉంటారు.

ఏం కనిపించింది? కాసేపు ఏమీ లేదు. తర్వాత గడ్డలు పగిలాయి. బుసబుసమని చప్పుడు వచ్చింది. ఆవిరి లేచింది. నీళ్లు కుతకుత ఉడికాయి. కింద మంట లేదు, పొయ్యి లేదు. అయినా ఉడికాయి. గడ్డలు విచ్చుకుని మెత్తటి పిండి అయ్యాయి.

ఇక్కడ ఒక్క జాగ్రత్త. ఈ పని పిల్లలు చేయొద్దు. పొడిసున్నం ఒంటి మీద పడితే కాలుతుంది. కంట్లో పడితే చూపుకే ప్రమాదం. మామూలు తడిసున్నమైనా సరే, కంట్లో పడితే వెంటనే ధారగా మంచినీళ్లతో చాలాసేపు కడగాలి. ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పెద్దవాళ్లు సున్నం కలుపుతుంటే దూరంగా నిలబడి చూడండి. చూడటం చాలు.

రెండో ప్రశ్న. ఏది ఏదయింది? పొడిసున్నం అంటే కాల్షియం ఆక్సైడ్. అది నీటితో కలిసింది. కాల్షియం హైడ్రాక్సైడ్ అయింది. అదే తడిసున్నం. రెండు పదార్థాలు కలిసి ఒకటే అయ్యాయి. దీన్ని మీ పుస్తకం సంయోగ చర్య అంటుంది. వేడి బయటికి వచ్చింది కాబట్టి ఉష్ణమోచక చర్య అని కూడా అంటుంది. ఇప్పుడు ఆ రెండు పేర్లూ బట్టీ పట్టక్కర్లేదు. నీళ్లు ఉడకడం తలుచుకుంటే చాలు, ఉష్ణమోచకం అని మీరే చెప్పగలరు.

మూడో ప్రశ్న. లెక్క కుదిరిందా? బాణానికి ఎడమ పక్క చూడండి. కాల్షియం ఒకటి. ఆక్సిజన్ సున్నంలో ఒకటి, నీటిలో ఒకటి, మొత్తం రెండు. హైడ్రోజన్ రెండు. కుడి పక్క కాల్షియం హైడ్రాక్సైడ్‌లో చూడండి. కాల్షియం ఒకటి. ఆక్సిజన్ రెండు. హైడ్రోజన్ రెండు. కుదిరింది.

బరువు కూడా చూద్దాం. కాల్షియం పరమాణు ద్రవ్యరాశి 40. ఆక్సిజన్ 16. అంటే కాల్షియం ఆక్సైడ్ 56. నీరు 18. 56కి 18 కలిపితే 74. కాల్షియం హైడ్రాక్సైడ్ అణుభారం సరిగ్గా 74. ఈ 56, 74 అనే అంకెలు గుర్తుంచుకోండి. కాసేపట్లో మళ్లీ వస్తాయి.

ఇప్పుడు ఒక అడుగు వెనక్కి వెళదాం. ఈ పొడిసున్నం ఎక్కడి నుంచి వచ్చింది? సున్నపురాయి నుంచి. పల్నాడులో పిడుగురాళ్ల సున్నం బట్టీలకి పేరు. అక్కడ సున్నపురాయిని బొగ్గుతో కలిపి బట్టీలో కాలుస్తారు.

ఏం కనిపించింది? గట్టి రాయి లోపలికి వెళ్లింది. తేలికైన తెల్లగడ్డ బయటికి వచ్చింది. రాయి తేలికైంది. ఇది ముఖ్యమైన సంగతి. కాలిస్తే బరువు తగ్గింది.

ఏది ఏదయింది? సున్నపురాయి అంటే కాల్షియం కార్బొనేట్. దాన్ని దాదాపు 900 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేస్తే రెండుగా విడిపోతుంది. ఒకటి కాల్షియం ఆక్సైడ్. రెండోది కార్బన్ డయాక్సైడ్. ఒకటి రెండుగా విడిపోయింది కాబట్టి ఇది వియోగ చర్య. వేడి ఇస్తూ ఉంటేనే జరుగుతుంది కాబట్టి ఉష్ణగ్రాహక చర్య. ముందు చెప్పుకున్నదానికి ఇది తిరగబడి ఉంది, గమనించారా? అక్కడ వేడి బయటికొచ్చింది. ఇక్కడ వేడి లోపలికి పోతోంది.

లెక్క కుదిరిందా? కాల్షియం 40, కార్బన్ 12, మూడు ఆక్సిజన్లు 48. మొత్తం కాల్షియం కార్బొనేట్ 100. కాలిన తర్వాత కాల్షియం ఆక్సైడ్ 56. మరి మిగిలిన 44 ఏమైంది? కార్బన్ డయాక్సైడ్ అయింది. కార్బన్ 12, రెండు ఆక్సిజన్లు 32, మొత్తం 44. కుదిరింది. అంటే స్వచ్ఛమైన సున్నపురాయి 100 కిలోలు బట్టీలో వేస్తే 56 కిలోల సున్నం వస్తుంది. 44 కిలోలు గాలిలో కలిసిపోతుంది. రాయి ఎందుకు తేలికైందో ఇప్పుడు తెలిసింది.

ఈ లెక్క వెనక ఒక మనిషి ఉన్నాడు. పేరు జోసెఫ్ బ్లాక్. స్కాట్లండ్ దేశస్థుడు. వైద్యం చదివినవాడు. 1750ల్లో ఇలాంటి కార్బొనేట్లనే కాల్చి చూశాడు. అప్పటికి చాలామంది కాల్చారు. ఈయన కాల్చడానికి ముందు తూచాడు, కాల్చిన తర్వాతా తూచాడు. తగ్గిన బరువు ఎక్కడికి పోయిందని అడిగాడు. ఆ బరువు ఒక గాలి రూపంలో బయటికి పోయిందని కనిపెట్టాడు. ఆ గాలికి స్థిర వాయువు అని పేరు పెట్టాడు. ఇప్పుడు మనం కార్బన్ డయాక్సైడ్ అంటున్నది దాన్నే. 1756లో తన ఫలితాలు అచ్చువేశాడు. తర్వాత ఫ్రాన్సులో లావోయిజర్ ఈ తూచే పద్ధతిని ఇంకా ముందుకి తీసుకెళ్లాడు. రసాయన చర్యకి ముందూ తర్వాతా మొత్తం ద్రవ్యరాశి మారదని 1789లో తన పుస్తకంలో రాశాడు. అదే మీరు చదివే ద్రవ్యనిత్యత్వ నియమం. మన మూడో ప్రశ్న, లెక్క కుదిరిందా అన్నది, వాళ్లు అడిగిన ప్రశ్నే.

ఇప్పుడు ముందుకి ఒక అడుగు వేద్దాం. తడిసున్నాన్ని పల్చగా కలిపి గోడకి వేశారు.

ఏం కనిపించింది? వేసిన రోజు గోడ కాస్త మసకగా ఉంటుంది. చెయ్యి ఆనిస్తే తెల్లగా అంటుకుంటుంది. రెండు మూడు రోజులయ్యాక తెల్లగా మెరుస్తుంది. పొర గట్టిపడుతుంది.

చాలామంది నీళ్లు ఆరిపోయాయి కాబట్టి తెల్లబడింది అనుకుంటారు. ఆరడం ఒక్కటే అయితే, మళ్లీ తడిస్తే మొదటికే రావాలి. వాన జల్లు కొట్టినా ఆ పొర అంత తేలిగ్గా కరిగిపోదు. అంటే ఆరడం కాక ఇంకేదో జరిగింది.

ఏది ఏదయింది? కాల్షియం హైడ్రాక్సైడ్ గాలిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్‌తో కలిసింది. కాల్షియం కార్బొనేట్ అయింది. నీరు బయటికి పోయింది. కాల్షియం కార్బొనేట్ అంటే ఏమిటి? సున్నపురాయి! బట్టీలో పోగొట్టుకున్న వాయువును గోడ మీద తిరిగి తీసుకుంది. మళ్లీ రాయి అయింది.

లెక్క కుదిరిందా? కాల్షియం హైడ్రాక్సైడ్ 74. కార్బన్ డయాక్సైడ్ 44. మొత్తం 118. అటు పక్క కాల్షియం కార్బొనేట్ 100, నీరు 18. మొత్తం 118. కుదిరింది.

ఇప్పుడు మూడు చర్యల్నీ ఒక్కసారి వరసగా చెప్పుకుందాం. రాయి కాలింది, పొడిసున్నమైంది. పొడిసున్నం నీళ్లు తాగింది, తడిసున్నమైంది. తడిసున్నం గాలిలో వాయువు పీల్చుకుంది, మళ్లీ రాయి అయింది. 100 తగ్గి 56 అయింది. 56 పెరిగి 74 అయింది. 74 మళ్లీ 100 అయింది. మూడు సమీకరణాలు మీ బుర్రలోకి వచ్చేశాయి. బట్టీ పట్టారా? లేదు. ఏం జరిగిందో తెలుసుకున్నారు.

ఇందులో ఒకటి మీరు ఇంట్లో చేసి చూడొచ్చు. పెద్దవాళ్లని పక్కన ఉంచుకోండి. గాజు గ్లాసు నిండా నీళ్లు పోయండి. తాంబూలంలోకి వాడే సున్నం చిటికెడు వేసి కలపండి. కొన్ని గంటలు కదపకుండా వదిలేయండి. పైన తేరుకున్న నీటిని మెల్లగా వేరే గ్లాసులోకి వంచుకోండి. అదే సున్నపుతేట. ఇప్పుడు ఒక స్ట్రాతో అందులోకి ఊదండి. ఊదాలి, పీల్చకూడదు. ఇది బాగా గుర్తుంచుకోండి. ఊదాలి, పీల్చకూడదు.

ఏం కనిపించింది? తేట నీరు పాలలా తెల్లబడింది. ఏది ఏదయింది? మీరు వదిలిన ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ ఉంది. గోడ మీద రెండు మూడు రోజులు పట్టిన పనే గ్లాసులో కాసేపట్లో జరిగింది. కాల్షియం కార్బొనేట్ నీళ్లలో కరగదు. సన్నటి రేణువులుగా తేలుతుంది. అందుకే తెలుపు. సున్నపుతేట పాలవలె ఎందుకు మారుతుంది అని పరీక్షలో అడిగితే, ఇదే జవాబు. మీ ఊపిరితో మీరే చేసి చూసిన జవాబు.

ప్రయోగశాలలో ఆ వాయువును ఇంకా ఎక్కువగా పంపితే తెలుపు పోయి, మళ్లీ తేటపడుతుంది. కరగని కార్బొనేట్ కరిగే బైకార్బొనేట్ అవుతుంది. అరకు దారిలో బొర్రా గుహలకి వెళ్లినవాళ్లు అక్కడ పైకప్పు నుంచి వేలాడే రాతి ఊడల్ని చూసి ఉంటారు. వాన నీరు కార్బన్ డయాక్సైడ్‌ని కలుపుకుని సున్నపురాయిని మెల్లగా కరిగించింది. గుహలోకి చుక్కలుగా దిగినచోట ఆ వాయువు వదిలేసి, రాయిని తిరిగి పేర్చింది. గ్లాసులో చేసే ప్రయోగమే కొండలో ఎన్నో వేల ఏళ్లుగా జరుగుతోంది.

ఇక పిల్లలు ఎక్కువగా తడబడే చోటుకి వద్దాం. సమీకరణాన్ని తుల్యం చేయడం. సున్నపురాయి మీద హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే బుసబుస పొంగుతుంది. కాల్షియం క్లోరైడ్, నీరు, కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. రాసేటప్పుడు చూస్తే క్లోరిన్ ఎడమవైపు ఒకటి ఉంది, కుడివైపు రెండు ఉన్నాయి. లెక్క కుదరలేదు. ఏం చేయాలి?

కొందరు కుడివైపు రెండును కొట్టేసి ఒకటి చేస్తారు. అది తప్పు. ఎందుకో చెబుతాను. టిఫిన్ సెంటరుకి వెళ్లారనుకోండి. అక్కడ ప్లేటుకి ఇన్ని ఇడ్లీలని హోటలు వాళ్లే నిర్ణయిస్తారు. ఎన్ని ప్లేట్లు కావాలో మాత్రం మీరు చెప్పొచ్చు. ఫార్ములా లోపల కిందికి రాసిన చిన్న అంకె, ప్లేటులో ఇడ్లీల లెక్క. దాన్ని ముట్టుకోకూడదు. ఫార్ములాకి ముందు రాసే పెద్ద అంకె, ప్లేట్ల లెక్క. అది మీ చేతిలో ఉంది. కాబట్టి హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి ముందు రెండు రాయండి. క్లోరిన్లు రెండయ్యాయి. హైడ్రోజన్లూ రెండయ్యాయి, నీటికి సరిపోయాయి. లెక్క కుదిరింది.

చిన్న అంకెను మారిస్తే ఏమవుతుంది? పదార్థమే మారిపోతుంది. నీటిలో ఆక్సిజన్ ఒకటి. దాన్ని రెండు చేస్తే అది నీరు కాదు, హైడ్రోజన్ పెరాక్సైడ్. పుండ్లు కడగడానికి, బట్టల మరకలు విరగ్గొట్టడానికి వాడేది. దాహానికి తాగేది కాదు.

సరే, కాల్షియంకి క్లోరిన్లు రెండే ఎందుకు పట్టాయి? ఇక్కడ మీ పరమాణు నిర్మాణం పాఠం పనికొస్తుంది. కాల్షియం పరమాణు సంఖ్య 20. దాని ఎలక్ట్రాన్లు కర్పరాల్లో 2, 8, 8, 2గా ఉంటాయి. చివర ఉన్న ఆ రెండింటినీ వదులుకుంటుంది. క్లోరిన్ ఒక్కొక్కటే తీసుకుంటుంది. కాబట్టి రెండు క్లోరిన్లు కావాలి. హైడ్రాక్సైడ్ కూడా ఒక్కొక్కటే తీసుకుంటుంది. అందుకే తడిసున్నంలో హైడ్రాక్సైడ్‌లు రెండు. ఆక్సిజన్ రెండు తీసుకుంటుంది. కాబట్టి పొడిసున్నంలో ఆక్సిజన్ ఒక్కటే.

ఇప్పుడు ఆవర్తన పట్టికలో కాల్షియం పైన ఎవరున్నారో చూడండి. మెగ్నీషియం. దాని ఎలక్ట్రాన్లు 2, 8, 2. చివర అదే రెండు. అయితే మెగ్నీషియం ఆక్సైడ్, హైడ్రాక్సైడ్, కార్బొనేట్, క్లోరైడ్ ఫార్ములాలు కూడా మీకు వచ్చేసినట్టే. కాల్షియం గుర్తు తీసి మెగ్నీషియం గుర్తు పెట్టండి. 1869లో మెండలీవ్ పట్టిక వేసింది ఇలాంటి పోలికల్ని ఒక చోట చేర్చడానికే. పట్టిక చూసి భయపడకండి. దాన్ని వాడుకోండి.

ఇక రంగుల సంగతి. పెళ్లికొడుకు, పెళ్లికూతురు గడప దగ్గరికి రాగానే ఎర్రనీళ్లు దిగదుడుస్తారు. ఆ ఎరుపు ఎలా వచ్చింది? నీళ్లలో పసుపు కలిపి, కాస్త సున్నం వేశారు. పసుపు పసుపుపచ్చ, సున్నం తెలుపు. రెండూ కలిస్తే ఎరుపు.

మూడు ప్రశ్నలు వేయండి. ఏం కనిపించింది? పసుపుపచ్చ ఎర్రబడింది. ఏది ఏదయింది? పసుపులో కర్కుమిన్ అనే పదార్థం ఉంది. సున్నం క్షారం. క్షారం తగిలితే కర్కుమిన్ నిర్మాణం కొద్దిగా మారి ఎర్రగా కనిపిస్తుంది. అలా రంగు మార్చి చెప్పే పదార్థాన్ని సూచిక అంటాం. ఇప్పుడు ఆ ఎర్రనీళ్లలో నిమ్మరసం పిండండి. కాసిన్ని చుక్కలకి ఏమీ కాదు. పిండుతూ పోతే ఒక దశలో మళ్లీ పసుపుపచ్చ అవుతుంది. నిమ్మలోని ఆమ్లం సున్నంలోని క్షారాన్ని తటస్థం చేసింది. ఎందుకు వెంటనే మారలేదు? లెక్క కుదరాలి కాబట్టి. ఉన్న క్షారానికి సరిపడా ఆమ్లం పడాలి. మూడో ప్రశ్న ఇక్కడా వచ్చింది చూడండి. లిట్మస్ కాగితం లేని బడిలో కూడా తటస్థీకరణ పాఠం చెప్పొచ్చు. పసుపు, సున్నం, నిమ్మకాయ చాలు.

ఒక్క మాట జాగ్రత్తగా వినండి. ఎర్రబడింది అన్నది మనం చూసింది. అక్కడ క్షారం ఉంది అన్నది మనం తేల్చుకున్నది. చూసింది వేరు, తేల్చుకున్నది వేరు. జవాబు రాసేటప్పుడు రెండింటినీ కలిపేయకండి. ముందు చూసింది రాయండి. తర్వాత తేల్చుకున్నది రాయండి. అందుకే మొదటి ప్రశ్నని, రెండో ప్రశ్నని వేరుగా పెట్టాను.

ఇంకో ఉదాహరణ. తెల్లగా ఉన్న పొడులన్నీ ఒకటి కావు. కోడిగుడ్డు పెంకు తీసుకోండి. అందులో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేటే. పొడి చేసి నిమ్మరసం వేస్తే బుడగలు వస్తాయి. ఇప్పుడు ముగ్గుపిండి మీద నిమ్మరసం వేసి చూడండి. బుడగలు వస్తే అందులో కార్బొనేట్ ఉంది. రాకపోతే అది వేరే రాతిపొడి అయ్యుండొచ్చు. సుద్దముక్క మీద వేయండి. చాలా సుద్దముక్కలు జిప్సంతో చేస్తారు. అది కాల్షియం సల్ఫేట్. బుడగలు రావు. కంటికి మూడూ తెలుపే. నిమ్మచుక్క తేడా చెప్పేసింది.

ఇప్పుడు పొలానికి వెళదాం. నిమ్మ, బత్తాయి తోటలున్న రైతులకి, తమలపాకు తోటలున్న రైతులకి బోర్డో మిశ్రమం తెలుసు. తెగుళ్ల మందు. ఫ్రాన్సులో బోర్డో ప్రాంతంలో ద్రాక్షతోటల తెగులు కోసం 1880ల్లో మిలార్డే అనే శాస్త్రవేత్త దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. ఒక శాతం మిశ్రమం కావాలంటే ఒక కిలో మైలుతుత్తం, ఒక కిలో సున్నం, 100 లీటర్ల నీళ్లు. మైలుతుత్తం అంటే కాపర్ సల్ఫేట్. రెండింటినీ ప్లాస్టిక్ డ్రమ్ముల్లోనో, మట్టి తొట్లలోనో విడివిడిగా కరిగించి కలుపుతారు. ఇనప పాత్రలో కలపొద్దంటారు.

కలిపాక రైతు ఒక పరీక్ష చేస్తాడు. తళతళలాడే ఇనప కత్తిని అందులో కొద్దిసేపు ముంచి తీస్తాడు. కత్తికి ఎర్రటి పొర అంటితే, ఇంకాస్త సున్నం కలుపుతాడు. అంటకపోతే మందు సిద్ధం.

ఏం కనిపించింది? కత్తి మీద ఎర్రటి పొర. ఏది ఏదయింది? ఇనుముకి రాగి కంటే చర్యాశీలత ఎక్కువ. ద్రావణంలో ఉన్న రాగిని ఇనుము తోసేసి, ఆ చోటులోకి తను వెళ్లింది. రాగి కత్తి మీద పేరుకుంది. దీన్నే మీ పుస్తకం స్థానభ్రంశ చర్య అంటుంది. మీరు బడిలో ఇనప మేకును కాపర్ సల్ఫేట్‌లో వేసి చూసే ప్రయోగం ఇదే. సున్నం సరిపడా ఉంటే రాగి అంతా హైడ్రాక్సైడ్ రూపంలోకి మారిపోతుంది. కత్తికి అంటడానికి కరిగి ఉన్న రాగి మిగలదు. కరిగి ఉన్న రాగి మిగిలితే అది ఆకుల్ని మాడుస్తుంది. అంటే లెక్క కుదిరిందా అని రైతు కత్తితో అడుగుతున్నాడు. ఇనప పాత్ర ఎందుకు వద్దన్నారో కూడా ఇప్పుడు మీకే తెలిసిపోయింది.

చూశారా, ఒక్క సున్నంతో ఎక్కడెక్కడికి వెళ్లొచ్చామో. సంయోగం, వియోగం, స్థానభ్రంశం, తటస్థీకరణం, సూచికలు, సంయోజకత, ఆవర్తన పట్టిక. అన్నీ మీ పుస్తకంలో ఉన్నవే.

మరి బట్టీ పట్టాల్సింది అసలు ఏమీ లేదా అంటే, ఉంది. కొంచెం ఉంది. మొదటి 20 మూలకాల పేర్లు, గుర్తులు, పరమాణు సంఖ్యలు నోటికి రావాలి. హైడ్రాక్సైడ్, నైట్రేట్ ఒక్కొక్కటి. కార్బొనేట్, సల్ఫేట్ రెండేసి. ఇలాంటి ముఖ్యమైన అయాన్ల సంయోజకతలు నోటికి రావాలి. అక్షరాలు రాకుండా చదవలేం కదా. ఇది రెండు వారాల పని. రోజుకి కొన్ని చొప్పున నేర్చుకోండి. అక్కడితో బట్టీ ఆపేయండి. తర్వాత అంతా మూడు ప్రశ్నలే.

రోజూ ఎలా చదవాలో చెబుతాను. ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. రోజుకి ఒక్క చర్య తీసుకోండి. ఒక్కటే. ముందు సమీకరణం చూడొద్దు. ఏం కనిపిస్తుందో మీ మాటల్లో రెండు వాక్యాలు రాయండి. రంగు, వాసన, వేడి, బుడగలు, అవక్షేపం, ఏదుంటే అది. తర్వాత ఏది ఏదయిందో పేర్లతో రాయండి. ఆ తర్వాతే గుర్తులతో సమీకరణం రాసి, రెండు పక్కలా పరమాణువులు లెక్కపెట్టండి. చివరగా పుస్తకం మూసి, ఇంట్లో ఎవరికైనా గట్టిగా చెప్పండి. తమ్ముడికో, నాయనమ్మకో. ఎక్కడ ఆగిపోయారో అక్కడ మీకు తెలియలేదన్నమాట. పుస్తకం తెరిచి ఆ ఒక్క చోటే చూసుకోండి.

ఇందులో ఒక్క హెచ్చరిక. ఇంట్లో దొరికే రసాయనాల్ని మీ ఇష్టం వచ్చినట్టు కలపకండి. ముఖ్యంగా బ్లీచింగ్ పౌడరును గానీ బ్లీచింగ్ ద్రావణాన్ని గానీ బాత్రూములు కడిగే యాసిడ్‌తో కలపొద్దు. క్లోరిన్ వాయువు వస్తుంది. అది ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తుంది. పసుపు, నిమ్మకాయ, గుడ్డు పెంకు, ముగ్గుపిండి, సుద్దముక్క, సున్నపుతేట, ఇంతవరకే. మిగిలినవి బడిలో, మాస్టారు ముందు.

ఉపాధ్యాయులకి ఒక విన్నపం. ప్రయోగశాల చిన్నదైనా, సామాను తక్కువైనా, సమీకరణం బోర్డు మీద రాసే ముందు పిల్లలకి ఏదో ఒకటి కళ్లకి చూపించండి. చూపించడం కుదరకపోతే, చూసినట్టుగా చెప్పండి. బాణం గుర్తు తర్వాత వేద్దాం.

అమ్మానాన్నలకి ఒక మాట. మీరు రసాయన శాస్త్రం చదవకపోయినా ఫర్వాలేదు. సాయంత్రం పిల్లల్ని కూర్చోబెట్టి ఈ మూడు ప్రశ్నలే అడగండి. ఈ రోజు చదివిన దాంట్లో ఏం కనిపిస్తుంది? ఏది ఏదవుతుంది? లెక్క కుదిరిందా? జవాబు తప్పో ఒప్పో మీకు తెలియక్కర్లేదు. మీకు అర్థమయ్యేలా చెప్పగలిగితే వాళ్లకి వచ్చినట్టే.

పిల్లలూ, ఈ రాత్రికి మీకు ఒక పని ఇస్తున్నాను. మీ పుస్తకంలో మెగ్నీషియం తీగను గాలిలో కాల్చే చర్య ఉంటుంది. సమీకరణం చూడకుండా మూడు ప్రశ్నలకీ జవాబు రాయండి. రాశాక పుస్తకంతో సరిచూసుకోండి. మెగ్నీషియం ముందు ఏ అంకె వచ్చింది, ఆక్సైడ్ ముందు ఏ అంకె వచ్చింది, ఎందుకు వచ్చింది, రేపు మీ పక్క బెంచీ స్నేహితుడికి చెప్పండి.

ఏం కనిపించింది? ఏది ఏదయింది? లెక్క కుదిరిందా?